ఉదాహరణ కెక్కని ఉపకారము

ఒక గ్రంథము గొప్పదని మన పెద్దలెట్లు నిర్ణయించెడివారు? దానికెందఱు వ్యాఖ్యలు వ్రాసిరి, ఎందఱు దానిని ప్రమాణముగా జూపిరి యని చూచెడివారు. మూలములేని మాట వ్రాయనని మల్లినాథసూరి పూనిన నియమము కావ్యములు చదివిన సోదరీమణులెఱిగినదే. నేటి శాస్త్రజ్ఞులకును ఇట్టి నియమము కలదు. తమకాధారమైన పూర్వవ్యాసములను తమ వ్యాసము చివర పేర్కొనవలెను. దీనినే సైటేషను అందురు, మనము ఉదాహరణమందము. 1964లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డు ఈ ఉదాహరణములకొక సూచిక ప్రకటించెను. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మఱియొక కొలత చెప్పెను: ఇరువది వ్యాసములలో నొక్కొక్కటి యిరువదిసార్లకు తగ్గక ఉదాహరింపబడినచో, ఆ పరిశోధకుని అంకె ఇరువది.

ఇది మనకేల యందురేమో! బెజవాడ, గుడివాడ, తెనాలి ప్రాంతములనుండి జీవశాస్త్ర పరిశోధనకు బోవు బిడ్డలు నేడు పెక్కుండ్రు. వారు సెలవులకింటికి రాగానే, "ఎన్ని వ్యాసములు? నీ అంకె యెంత?" అని పొరుగింటి బిడ్డతో పోల్చి యడుగుట మనలోను ప్రబలుచున్నది. కావున ఆ అంకె యేమి చెప్పునో, యేమి చెప్పదో తెలిసికొనుట తల్లులకును అవసరమే.

కృష్ణా డెల్టాకు పొరుగున, గోదావరి నీటితో పండు భీమవరమున 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొందము. ఆయన చెన్నపురిలో వైద్యము చదివి, అమెరికాకు బోయి, హార్వర్డున పరిశోధకుడయ్యెను. అచట సైరస్ ఫిస్కేతో కలసి 1925లో, రక్తమూత్రాదులలో భాస్వరమెంత కలదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించెను. తెల్లబట్టలకు నీలిమందు పెట్టునపుడు, మందు హెచ్చినకొలది నీటిరంగు ముదురుటను మనము చూచుచుందుము కదా! అట్లే ఈ పరీక్షయందు భాస్వరము హెచ్చినకొలది నీలిరంగు ముదురును. ఆ వ్యాసమును శాస్త్రజ్ఞులు వేలకొలదిగా ఉదాహరించిరి. ఏలయన, అది ప్రతి యింటికిని కావలసిన కుంచమువంటిది.

ఆ కుంచముతోనే వారిరువురును 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వెల్లడించిరి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఆ యేడే ఈ రెండవదానిని కనుగొనెను. ప్రాణుల కణములలో శక్తికి నాణెమువంటిదిది. నేడు పాఠశాల పిల్లలును దీనిని వల్లెవేయుదురు. కాని 1929 నాటి వ్యాసమును పేర్కొనువారెందఱు? సామెత చెప్పునపుడు దానిని కల్పించినవారి పేరెవరు చెప్పుదురు? జ్ఞానము అందఱి సొత్తైనపుడు కర్త పేరు జాఱిపోవును. అంకె యెదుగుట యాగినచోటనే ఉపకారము విస్తరించుచుండును.

ఇంత చేసినను హార్వర్డున ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో ఆయన లెడర్లీ ఔషధసంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున అచటివారు 1945లో ఫోలిక్ యాసిడును కృత్రిమముగా సిద్ధపఱచిరి. 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాను వెలువరించిరి. వారొసగిన అమినోప్టెరినుతో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల శిశువులకు కొంతకాలము ఉపశమనము కలిగించి, 1948లో ఆ సంగతి ప్రకటించెను. ఆ సంవత్సరముననే, ఆగష్టులో, సుబ్బారావుగారు స్వదేశమునకు తిరిగిరాకయే మరణించిరి. ఆయన భార్య శేషగిరిగారు ఇచటనే యుండిపోయిరి. ఆమె యెడబాటు ఏ వ్యాసము చివరను ఉదాహరింపబడలేదు.

మన గ్రామపు ఆరోగ్యకేంద్రమున గర్భిణి కిచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ యాసిడు కలదు. బోదకాలు నివారణకు ప్రభుత్వమువారు ఊరూర పంచిన డీయీసీ మాత్ర ఆ హెట్రజానే. ఆ మాత్రలు మ్రింగిన తల్లులెవ్వరును వ్యాసములు వ్రాయలేదు. కావున వారు ఏ లెక్కకును ఎక్కలేదు.

ఉదాహరణములు వ్యర్థమని మేమనము. పూర్వుల ఋణమును పేరుతో చెప్పుట శిష్టాచారము. దానిని లెక్కించుటయు తప్పుకాదు. కాని కుంచమును చూచి ధాన్యపు రుచి చెప్పజాలము. ఈసారి మన బిడ్డ సెలవులకు వచ్చినపుడు అంకె నడుగక, "అమ్మా, నీ పనియేమో మాకును తెలియునట్లు చెప్పుము, అది యెవరికి మేలగునో వినెదము" అని అడుగుదము. ఆ ప్రశ్నకు బదులు చెప్పుచు ఆ బిడ్డ తన పనిని తానే క్రొత్తగా చూచుకొనునని మా నమ్మకము.