పెంపుడు పక్షి రెట్టలో ఏముంది?

కౌకూర్ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో పెరటి కోళ్ళు తిరుగుతుంటాయి. కొందరి వరండాలో లవ్‌బర్డ్స్ పంజరం వేలాడుతుంటుంది. బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకోగానే, "ఈ పక్షుల వల్లే వచ్చిందా డాక్టరు గారూ?" అని తల్లి అడగడం సహజమే. రెట్టలో ఉన్నది ఏ జాతి పరాన్నజీవో తెలిస్తేనే దీనికి సరైన జవాబు దొరుకుతుంది.

అన్నీ మనకు అంటుతాయా?

అంటవు. కోళ్ళ పేగుల్లో ఉండే ఏలికపాములు, వాటికి నెత్తురు విరేచనాలు కలిగించే ఐమీరియా మనుషులకు రావు. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి సంగతి వేరు. ఇందులో అనేక జాతులున్నాయి. బెయిలీ అనే జాతి ప్రధానంగా పక్షులకే పరిమితం. 1955లో టర్కీ కోళ్ళలో గుర్తించిన మెలియాగ్రిడిస్ జాతి మాత్రం మనుషులకూ విరేచనాలు కలిగించగలదు.

జన్యు పరీక్ష ఎందుకు?

రెట్టలో బయటపడే ఈ కణాలు మిల్లీమీటరులో సుమారు 200వ వంతు మాత్రమే ఉంటాయి. మైక్రోస్కోపులో చూసి జాతి చెప్పడం చాలా కష్టం. అందుకే రెట్ట నుండి డి.ఎన్.ఎ. తీస్తారు. 1983లో కేరీ మల్లిస్ కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిలో అందులోని ఒక జన్యువు ముక్కను లక్షల కాపీలుగా పెంచుతారు. దాని వరుసను చదివి, తెలిసిన జాతులతో పోల్చుతారు. వేలిముద్రతో మనిషిని గుర్తుపట్టినట్లే. పక్షికి సూది గుచ్చే పని లేదు.

మన హైదరాబాదులో సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉంది. వన్యప్రాణుల జన్యు పరీక్షలు అక్కడ జరుగుతాయి. 2021లో నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని 8 సింహాలకు కరోనా సోకిందని తేల్చింది సి.సి.ఎం.బి. వారి ఇటువంటి పరీక్షే.

ఇంట్లో మనం చేయవలసినవి

1. పంజరం, కోళ్ళగూడు శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. శానిటైజరుకు క్రిప్టోస్పోరిడియం చావదు.
2. తాగే నీళ్ళు కనీసం ఒక నిమిషం బాగా మరగనివ్వండి. దీనికి క్లోరిన్ చాలదు.
3. పంజరం పళ్ళెం వంటింటి సింకులో కడగకండి.
4. విరేచనాలు అయ్యేవారికి ఓ.ఆర్.ఎస్. తాగించండి. తగ్గకపోతే ఆసుపత్రికి రండి, ఇంట్లో పక్షులున్నాయని డాక్టరుకు చెప్పండి. మామూలు మల పరీక్షలో ఇది కనిపించకపోవచ్చు. ప్రత్యేక పరీక్ష రాయవలసి ఉంటుంది.
5. పక్షి నీరసపడితే దాని రెట్టను పశువైద్యునికి చూపించండి. మన మందులు దానికి వేయకండి.

ఆరోగ్యవంతులకు ఈ జబ్బు సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. పసిబిడ్డలకు, హెచ్.ఐ.వి. ఉన్నవారికి, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. అటువంటివారు ఉన్న ఇంట్లో గూడు శుభ్రం చేసే పని వేరొకరు చూసుకోవాలి. భయపడి పక్షులను వదిలించుకోనక్కరలేదు. చేతుల శుభ్రత మరువకపోతే చాలు.