సెల్‌ఫోను యాప్‌లో తెలుగు పద్యము : అక్షర విభజన, గణపరీక్ష, అన్వేషణము

1934వ సంవత్సరమున సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వమున వెలువడిన 'గోలకొండ కవుల సంచిక' 354 మంది కవులను ఒక్కచోట చేర్చినది. నైజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాటకు అది గ్రంథరూపమైన సమాధానము. అంతకు పూర్వమే, 1922లో, నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావు 'నీలగిరి' పత్రికను వెలువరించెను. పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి మొదలగు సంస్థానములు కవిపండితులను పోషించినవి. ద్విపద కావ్యమైన రంగనాథ రామాయణము గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధము. గోన వంశీయుల వర్ధమానపురమే నేఁటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను.

ఈ వాఙ్మయము నేఁడు సెల్‌ఫోను తెరమీఁదికి వచ్చుచున్నది. మిరియాల దిలీప్ రూపొందించిన 'ఛందం' వంటి సాధనములు పద్యలక్షణమును యంత్రముచేతనే గుర్తింపఁజేయుచున్నవి. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. పుటలోని పద్యము యాప్‌లోనికి చెక్కుచెదరక చేరుచున్నదా? దీనికి సమాధానము సగము యంత్రశాస్త్రమునను, సగము వ్యాకరణ ఛందశ్శాస్త్రములందును కలదు.

అక్షరమన నేమి?

యాప్ నిర్మాతకు మొదటి చిక్కు అక్షరముతోనే కలుగును. యూనికోడ్ పద్ధతిలో తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు కేటాయింపఁబడినవి. హల్లునకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తునకు ఒక సంఖ్య, పొల్లునకు ఒక సంఖ్య. 'స్త్రీ' అనునది ఛాందసునకు ఒక్క అక్షరము, యంత్రమునకు ఆఱు సంకేతములు. 'రాష్ట్రము' మూఁడక్షరములు, తొమ్మిది సంకేతములు.

పరీక్షార్థము కూర్చిన ఈ ద్విపదను చూడఁదగును:

పాలమూరునఁ బుట్టి పద్యముల్ వ్రాసి
కాలము గెల్చిన కవులెందఱొక్కొ!

మొదటి పాదమున, ఖాళీలు విడిచినచో, 29 సంకేతములు కలవు. ఆండ్రాయిడ్ యాప్‌లకు వాడు కోట్లిన్ భాషలో పాదము నిడివి నడిగినచో ఈ సంఖ్యయే వచ్చును. ఐఫోను యాప్‌లకు వాడు స్విఫ్ట్ భాష సంకేతములను గుచ్ఛములుగా లెక్కించును. పూర్వపు యూనికోడ్ సూత్రము 'ట్టి', 'ద్య', 'వ్రా' అను సంయుక్తములను పొల్లు కడ రెండుగా విఱుచుచుండెను. ఆ లెక్కన పాదమునకు 16 గుచ్ఛములు. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరమును ఒకే గుచ్ఛముగా అంగీకరించినది. ఆ లెక్కన 13. ఛందస్సు లెక్కన మాత్రము 12 అక్షరములే. మిగిలిన ఆ ఒక్కటి 'ముల్' లోని పొల్లు. అది స్వతంత్రాక్షరము కాదు. పూర్వాక్షరముతోఁ గూడి దానిని గురువు చేయును.

కావున యాప్ నిర్మాత భాషాయంత్రము ఇచ్చు నిడివిని నమ్మి గణవిభజన చేయరాదు. గుచ్ఛవిభజన జరిగిన పిమ్మట, అచ్చు లేని గుచ్ఛమును పూర్వాక్షరమునఁ జేర్చు సూత్రమును తానే వ్రాసికొనవలెను. ఫోను పాతదైనచో విభజన వేఱుగా నుండును గనుక, సంయుక్తములను కలుపు సూత్రమును యాప్‌లోనే ఉంచుట క్షేమము.

ద్విపద గణపరీక్ష

ద్విపద పాదమున మూఁడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. నల, నగ, సల, భ, ర, త అనునవి ఇంద్రగణములు. న, హ అనునవి సూర్యగణములు. కావున ఒక పాదము 432 విధములుగా నడువవచ్చును. అన్ని విధములను పట్టికగా వ్రాసి సరిపోల్చుట అనవసరము. ఆఱు ఇంద్రగణముల గురులఘు క్రమమును పరిశీలించినచో ఒక విశేషము కానవచ్చును. ఏ గణమును మఱియొక గణమునకు ఆద్యభాగము కాదు. రెండు సూర్యగణములకును ఇదే వర్తించును. దీని ఫలితముగా యంత్రము ఎడమనుండి కుడికి ఒక్కసారి చదివిన చాలును. వెనుకకు మరలవలసిన పని లేదు. గణముల వరుస నియతమైయుండుటచే సీసము, తేటగీతి, ఆటవెలఁదులకును ఈ పద్ధతియే చెల్లును. ఇంత స్వల్పమైన గణనకు ఇంటర్నెట్ అక్కఱలేదు. సాధారణమైన ఫోను చాలును.

పై పాదమును ఇట్లు విభజింపవచ్చును: పాలమూ (ర), రునఁబుట్టి (సల), పద్యముల్ (ర), వ్రాసి (హ). పా-ప లకు యతి. రెండవ పాదము: కాలము (భ), గెల్చిన (భ), కవులెంద (సల), ఱొక్కొ (హ). కా-క లకు యతి. రెండు పాదములందును ద్వితీయాక్షరము లకారము గనుక ప్రాస కుదిరినది.

యంత్రము తడఁబడు తావులును కలవు. 'దేవప్రసాదము' సమాసము గనుక 'వ' గురువు. 'నేఁడు ప్రసాదము' అనుచోట 'డు' లఘువే. ముద్రాపకుఁడు సమాసమధ్యమున ఖాళీ విడిచినచో యంత్రము రెంటిని ఒకే తీరున గ్రహించును. అట్లే 'విద్రుచు' వంటి తెనుఁగు పదములలో రేఫ తేలికగాఁ బలుకఁబడి పూర్వాక్షరము లఘువగుటయు కలదు. ఇట్టి పదముల పట్టికను పండితుఁడు కూర్చి యీయవలెను.

అర్ధబిందువు విలువ

పాతగ్రంథములను యాప్‌నకు ఎక్కించునపుడు మిక్కిలి నష్టపోవు చిహ్నము అర్ధబిందువు. దాని సంకేతము 3073. పూర్ణబిందువుది 3074. చిత్రమునుండి అక్షరములను గుర్తించు యంత్రము ఒకదానిని మఱియొకటిగా చదువుట సులభము. 'పాలమూరునఁ బుట్టి' అనుటకు మాఱుగా 'పాలమూరునం బుట్టి' అని పడినదనుకొన్నచో వ్యాకరణమున దోషము లేదు. పదదోష పరీక్షకు అది చిక్కదు. కాని రెండవ గణము లఘువు వెంట గురువుతో మొదలగును. అట్లు మొదలగు ఇంద్రగణము లేదు. వెంటనే గణభంగము తోఁచును. ఇచ్చట ఛందస్సే అచ్చుతప్పులను పట్టు సాధనమైనది.

అర్ధబిందువును పూర్తిగా తొలఁగించినచో గణము చెడదు. అందుచేతనే అది అనవసరమని నిర్మాతకు తోఁచును. నష్టము వేఱొకచోట బయలుపడును. పాఠకుఁడు 'పుట్టి' అని వెదకును. పద్యమున ఉన్నది 'బుట్టి'. సరళాదేశముచే పకారము బకారమైనది. ఆదేశసరళమునకు ముందున్న ద్రుతమునకే బిందువు వచ్చునని బాలవ్యాకరణ సంప్రదాయము. అనఁగా పదాంతమున అర్ధబిందువు, దాని వెంట గ జ డ ద బ లలో ఒకటి కనఁబడినచో, ఆ సరళమునకు మూలము పరుషమని యంత్రము నిశ్చయింపఁగలదు. అర్ధబిందువు పోయినచో ఈ ఆధారమే పోవును. అప్పుడు యంత్రము ప్రతి సరళమును పరుషముగా మార్చి చూడవలసివచ్చును, 'గురువు'ను 'కురువు'గా కూడ వెదకును.

చూపుట, వెదకుట

ఇందుచే సిద్ధించు నియమమిది: యాప్‌లో ప్రతి పద్యమును రెండు రూపములలో భద్రపఱుపవలెను. మొదటిది మూలపాఠము. అందు అర్ధబిందువు, శకటరేఫ, పొల్లులు గ్రంథమున ఉన్నట్లే ఉండవలెను. రెండవది అన్వేషణ రూపము. అందు సరళములు పరుషములుగా విప్పఁబడి, పిమ్మట అర్ధబిందువు తొలఁగి, 'ఱ' కారము 'ర' కారమగును. పాఠకునకు మొదటిది చూపి, రెండవదానియందు వెదకవలెను. 'ఐ' గుణింతపు గుర్తును ఒకే సంకేతముగాను, రెండు సంకేతముల కూర్పుగాను వ్రాయుటకు వీలున్నది. తెరమీఁద రెండును ఒకటే. కావున వెదకుటకు ముందు రెంటిని సమరూపమునకు తెచ్చు క్రియ తప్పనిసరి. పొల్లును తరువాతి హల్లుతోఁ గలియనీయక నిలుపుటకు వాడు అదృశ్య సంకేతమును (8204) అన్వేషణ రూపమున విడువవలెను.

ఈ అదృశ్య సంకేతము ఎంత చిక్కు తేఁగలదో 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. 'జ్ఞ' కును దీర్ఘమునకును నడుమ ఇది చేరిన వరుసను చూపఁబోయి ఐఓఎస్ 11.2.5 గల ఐఫోనులలో యాప్‌లు కుప్పకూలినవి. ఫిబ్రవరి 19న వెలువడిన 11.2.6తో ఆ దోషము సవరింపఁబడినది. 'జ్ఞానము'లోని మొదటి అక్షరము పరీక్షా పాఠములలో ఈ రూపమున లేకపోవుటచే ఇట్లు జరిగినదని ఊహింపవచ్చును.

ప్రాచీనలిపి విషయమున మఱియొక జాగ్రత్త. శాసనములందు కానవచ్చు 'ఴ' కారము యూనికోడ్‌లో 2014లో చేరినది. నకారపొల్లునకు 2021లో స్థానము లభించినది. వీనిని చూపు లిపి ఫోనులో లేనిచో పాఠకునకు ఖాళీ పెట్టెలు కనఁబడును. కావున తగిన లిపిని యాప్‌తోనే పంపవలెను.

పరీక్షా పాఠము

యాప్ నిర్మాణమున పరీక్షా పాఠమునకు ప్రధానస్థానము కలదు. నిర్మాత కొన్ని వాక్యములను, వానికి రావలసిన ఫలితములను ముందుగా వ్రాసియుంచి, యాప్‌లో మార్పు చేసిన ప్రతిసారియు వానిని యంత్రముచే పరీక్షింపఁజేయును. తెలుగు పద్యమునకు అట్టి పాఠమును నిర్మాత ఒక్కఁడే కూర్పఁజాలఁడు.

మొదట చూపిన ద్విపదనే మరల పరిశీలింపవచ్చును. 'పద్యముల్' అనుచోట పొల్లు జాఱి 'పద్యము' అయినచో రగణము భగణమగును. పాదము చెడదు. బహువచనము ఏకవచనమైనదని యంత్రము గుర్తింపఁజాలదు. 'ఎందఱొక్కొ' లోని శకటరేఫ రేఫముగా మాఱినను గణములకు భంగము లేదు. ఛందస్సు కొన్ని తప్పులనే పట్టును. తక్కినవి మూలప్రతితో పోల్చి చూచు పండితునకే చిక్కును.

కావున ప్రాచ్యకళాశాలలందు విద్వాన్ విద్య నభ్యసించినవారు చేయఁదగిన పని స్పష్టము. సంస్థాన కవుల కృతులనుండి ద్విపద, సీసము, కందము, వృత్తములకు ఉదాహరణములను గ్రహించి, ప్రతి పద్యమునకును మూలపాఠము, గణవిభజన, యతిస్థానము, సంధిని విప్పిన రూపము వ్రాసియుంచవలెను. ఒక్కొక్క లక్షణమునకు పది పద్యములు చొప్పున ఉన్నను నిర్మాతకు గొప్ప ఆధారము. 1934లో కవుల పేర్లను, పద్యములను సేకరించుట ఆవశ్యకమైనది. నేఁడు ఆ పద్యములలోని ప్రతి బిందువును, పొల్లును సరిచూచి యంత్రమునకు అప్పగించుట ఆవశ్యకము.