సంబంధ సర్వనామం (ఆంగ్ల వ్యాకరణం)

ఆంగ్ల వ్యాకరణంలో ఒక నామవాచకాన్ని, దానిని వర్ణించే ఉపవాక్యంతో కలిపే సర్వనామాన్ని సంబంధ సర్వనామం అంటారు. హూ, హూమ్, హూజ్, విచ్, దట్ వీటిలో ముఖ్యమైనవి.

తెలుగుతో పోలిక

తెలుగులో ఈ పనిని ఎక్కువగా క్రియాజన్య విశేషణం నిర్వహిస్తుంది. ఉదాహరణకు:
* అక్కన్నపేటకు వచ్చిన ఉపాధ్యాయుడు
* అక్కన్నపేటకు వచ్చిన బస్సు
* ఉపాధ్యాయుడు అక్కన్నపేటకు వచ్చిన రోజు

మూడింటిలోనూ "వచ్చిన" అనే రూపం మారలేదు. ఆంగ్లంలో మాత్రం వీటికి వరుసగా హూ, విచ్, వెన్ వాడవచ్చు (వెన్ సంబంధ క్రియావిశేషణం). తెలుగు విద్యార్థులు ఈ ఎంపికలో తడబడటానికి ఇది ఒక కారణం.

ఎంపిక విధానం

ఉపవాక్యాన్ని పూర్తి వాక్యంగా మార్చి, ఆ నామవాచకానికి బదులుగా ఏ రూపం వస్తుందో గమనించాలి.
* అతడు, ఆమె, వారు (కర్త) - హూ
* అతనిని, ఆమెను, వారిని (కర్మ) - హూమ్. వ్యవహారంలో హూ కూడా వాడతారు
* అతని, ఆమె యొక్క, వారి - హూజ్. ఇది వస్తువులకు కూడా చెల్లుతుంది
* అది, దానిని - విచ్

దట్, కామా

దట్ మనుషులకు, వస్తువులకు కూడా వర్తిస్తుంది. అయితే కామా తరువాత అదనపు సమాచారం ఇచ్చే ఉపవాక్యంలో దానిని సాధారణంగా వాడరు. ఈ కామా అర్థాన్నే మారుస్తుంది. "పరీక్ష రాసిన విద్యార్థులు ఉత్తీర్ణులయ్యారు" అనే వాక్యాన్ని ఆంగ్లంలో కామాలు లేకుండా రాస్తే, పరీక్ష రాసినవారు మాత్రమే ఉత్తీర్ణులయ్యారని అర్థం. ఉపవాక్యానికి ఇరువైపులా కామాలు ఉంటే విద్యార్థులందరూ పరీక్ష రాశారని, అందరూ ఉత్తీర్ణులయ్యారని అర్థం.