నల్ల నారతో కారు తొడుగు

పిల్లలూ, మీలో సైకిలు తొక్కేవాళ్లు చాలామంది ఉంటారు. వెనక చెల్లెల్ని ఎక్కించుకుని ఎత్తు ఎక్కటం ఎంత కష్టమో మీకు తెలుసు. చెల్లెలు దిగగానే సైకిలు సునాయాసంగా ముందుకు పోతుంది. మీ కాళ్ల బలం పెరగలేదు, బరువు తగ్గింది, అంతే! పందెపు కార్లు కట్టేవాళ్లు రాత్రింబగళ్లు ఆలోచించేది ఈ ఒక్క సంగతే. కారు బరువు తగ్గాలి, కాని బలం తగ్గకూడదు. ఈ రెండూ ఒకచోట ఎలా కుదురుతాయి?

ఇందుకు జవాబు నేను మా యింటి కొట్టంలోనే చూశాను. మాది వినుకొండ. పెరట్లో ఒక రేకుల కొట్టం ఉన్నది. ఒకప్పుడు అందులో మిరప టిక్కీలూ, పత్తి బోరేలూ నింపేవాళ్లం. మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఒక వేసవి సెలవుల్లో అతనూ, అతని స్నేహితులు ముగ్గురూ ఆ కొట్టం ఊడ్చుకుని అక్కడ మకాం పెట్టారు. మన దేశంలో ఇంజనీరింగు విద్యార్థులు తాము స్వయంగా కట్టిన ఒంటి సీటు కార్లతో పోటీ పడుతూ ఉంటారు. ఫార్ములా భారత్ అటువంటి పోటీయే. కోయంబత్తూరు దగ్గర ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే అనే పందెపు బాట మీద ఆ పోటీ జరిగింది. మా కుర్రవాళ్లు కూడా అలాంటి కారే కడుతున్నారు. దాని ముక్కుకు తొడుగు కావాలి.

"రేకుతో చేయించరాదూ? మన కమ్మరి రెండు రోజుల్లో కొట్టి ఇస్తాడు," అన్నాను.

"రేకు బరువు, తాతయ్యా. బట్టతో చేస్తాం," అంటూ మనవడు ఒక చుట్ట విప్పాడు. బొగ్గులా నల్లగా, పట్టులా మెరుస్తూ ఉన్నదది. నిజానికి అది బొగ్గే! దాని పేరు కార్బన్ ఫైబరు, అంటే కర్బనపు నార.

బొగ్గుతో నార ఎలా వస్తుందని మీకు సందేహం కలగవచ్చు. బొగ్గుల బట్టీలో కట్టెలు పేర్చి, గాలి దూరకుండా మట్టితో కప్పి కాలుస్తారు. గాలి లేనందువల్ల కట్టె బూడిద కాక బొగ్గవుతుంది. దారాన్ని అలాగే కాలిస్తే దారపు రూపంలోనే బొగ్గు మిగులుతుంది. 1879లో ఎడిసన్ తన విద్యుద్దీపంలో పెట్టి గంటల తరబడి వెలిగించినది ఇలా బొగ్గు చేసిన నూలు దారమే. మన చేలలో పండే పత్తి వంటి పత్తి నుంచి వచ్చిన దారమన్న మాట. అయితే అది చాలా పెళుసు. ముట్టుకుంటే విరిగేది.

గట్టి నార రావటానికి మరి ఎనభై ఏళ్లు పట్టింది. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ అనే శాస్త్రజ్ఞుడు అద్భుతమైన బలం గల కర్బన తంతువులను తయారుచేశాడు. ఆ తరువాత జపానులో అకియో షిండో, 1960ల్లో ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధకులు మంచి పద్ధతులు కనిపెట్టారు. చలికోట్లు అల్లే యాక్రిలిక్ దారం ఉన్నదే, దాదాపు ఆ జాతి దారాన్నే సాగదీస్తూ మొదట 200 నుంచి 300 డిగ్రీల వేడిలో ఉంచుతారు. తరువాత గాలి లేని కొలిమిలో 1000 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. కర్బనం తప్ప తక్కినవి దాదాపు అన్నీ పోతాయి. మిగిలిన పోగు మన వెంట్రుకలో పదో వంతు సన్నం. అటువంటి పోగులు మూడేసి వేలు కలిపి ఒక పేటగా చేసి, పడుగూ పేకా పెట్టి బట్ట నేస్తారు. ఈ నారను ఇంట్లో తయారుచెయ్యటం అసాధ్యం. నేసిన బట్టను కొనుక్కువచ్చి దానితో తొడుగు చేసుకోవటం మాత్రం సాధ్యమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఉక్కు ఘన సెంటీమీటరుకు దాదాపు 7.8 గ్రాములు తూగుతుంది. 0.8 మిల్లీమీటర్ల మందం గల రేకు ఒక చదరపు మీటరు ఎంత తూగుతుంది? 100ని 100తో, దాన్ని 0.08తో హెచ్చవేస్తే 800 ఘన సెంటీమీటర్లు. అంటే 6 కిలోల 240 గ్రాములు. మా వాళ్లు తెచ్చిన నల్లబట్ట చదరపు మీటరుకు 200 గ్రాములు. మూడు వరసలకు 600 గ్రాములు. చేత్తో పూసే పనిలో జిగురు కూడా ఇంచుమించు అంతే పడుతుంది. మొత్తం 1 కిలో 200 గ్రాములు. మందం దాదాపు రేకంతే, బరువు మాత్రం అయిదో వంతు!

మరి మెత్తటి బట్ట గట్టిపడేది ఎలా? మీ చేతిరుమాలు తీసి పడుగు దారాల వెంట లాగండి. సాగదు. పేక వెంట లాగినా సాగదు. ఇప్పుడు మూల నుంచి మూలకు లాగండి. చక్కగా సాగుతుంది! నారకు బలమంతా దాని పొడుగునే ఉంటుంది. అందుచేత ఒక వరస నిలువుగా పరిస్తే ఇంకొక వరస ఐమూలగా పరుస్తారు. ఏ వైపు నుంచి లాగినా, మెలిపెట్టినా ఏదో ఒక నార అడ్డుపడుతుంది. ఆ నారలు పక్కకు జరగకుండా పట్టి ఉంచేది ఎపాక్సీ అనే జిగురు.

పని ఇలా సాగింది. ముందు థర్మోకోలుతో కారు ముక్కు ఆకారం చెక్కారు. దానిపైన గాజునారతో అచ్చు తీశారు. అచ్చు లోపలి భాగాన్ని ఉప్పుకాగితంతో మూడు రోజులు రుద్దారు. "ఇంత రుద్దుడెందుకురా?" అంటే, "అచ్చులో గీత ఉంటే తొడుగు మీదా గీత పడుతుంది," అన్నారు. తరువాత జిగురు అచ్చుకు అంటుకోకుండా మైనం ఆరారగా అయిదు పూతలు పూశారు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. అందులో సగం తప్పు నాది. ఎపాక్సీలో రెండు ద్రవాలుంటాయి. వాటిని సరిగా తూచి కలపాలి. గట్టిపరిచే ద్రవం ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందని అనుకోకూడదు. తూకం తప్పితే జిగురు ఎన్నాళ్లయినా బంకగానే ఉండిపోతుంది. అందుకని నేను పెద్దరికం చూపించి, "మాటిమాటికీ తూస్తే తప్పు పోతుంది. మొత్తం ఒకేసారి కలపండి," అన్నాను. వాళ్లు పెద్ద ప్లాస్టిక్ మగ్గునిండా కలిపారు. వేళ మధ్యాహ్నం, కొట్టం పైన రేకులు నిప్పులు కక్కుతున్నాయి. పది నిమిషాలకల్లా మగ్గు వేడెక్కింది. మరి కాసేపటికి ఘాటైన పొగ లేచింది. మగ్గు అడుగు మెత్తబడి సాగింది. మనవడు దాన్ని పారతో పట్టుకుపోయి పెరట్లో ఇసుక మీద పెట్టాడు. అందరం దూరంగా నిలబడ్డాం. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని జిగురంతా రాయి అయిపోయింది, కుర్రవాళ్ల డబ్బు మట్టిపాలైంది.

ఎందుకిలా జరిగింది? ఆ రెండు ద్రవాలూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. పళ్లెంలో పల్చగా పోస్తే ఆ వేడి గాలిలోకి పోతుంది. లోతైన మగ్గులో పోస్తే నడిమి వేడికి పోయే దారి ఉండదు. వేడి పెరిగినకొద్దీ కలయిక ఇంకా వేగంగా జరుగుతుంది. దానితో వేడి ఇంకా పెరుగుతుంది. తడి పత్తిని గుట్టగా పోస్తే నడుమ చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టటం మన రైతులెరుగుదురు. అక్కడ వేడి పుట్టే కారణం వేరు, కాని వేడికి దారి లేకపోవటం మాత్రం రెండింటా ఒకటే. ముప్ఫయి ఏళ్లు సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి, ఈ సంగతి నాకే తట్టలేదు! "తప్పు నాదిరా," అని కుర్రవాళ్ల ముందు ఒప్పుకున్నాను.

మళ్లీ జిగురు తెప్పించి, ఈసారి తెల్లవారుజామున చల్లని వేళ మొదలుపెట్టారు. కొద్దికొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్లాల్లో పోశారు. బట్ట పరిచి, కుంచెతో జిగురు తడిపి, పైన మరొక వరస పరిచారు. ఆఖరున అంతటినీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అంచులు మూసి, పంపుతో లోపలి గాలి తీసేశారు. సంచి ముడుచుకుని బట్టను అచ్చుకు అదిమేసింది. అదిమినది పంపు కాదు, బయటి గాలి! మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు కిలో బరువు మోపుతుంది. చదరపు మీటరుకు అది పది టన్నులు. లోపల కూడా గాలి ఉన్నంతసేపు ఆ సంగతి మనకు తెలియదు. లోపలి గాలి తీసేస్తే, లారీ లోడంత బరువు ఆ సంచి మీద సమానంగా కూర్చుంటుంది.

మర్నాడు అచ్చులో నుంచి తొడుగు ఊడివచ్చింది. అంచులు కోసేటప్పుడు నేను గట్టిగా పట్టుబట్టాను. మిరప కళ్లాల్లో పనిచేసేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. ఈ దుమ్ముకు అది చాలదు. సరైన మాస్కూ, కళ్లద్దాలూ, చేతి తొడుగులూ ఉండాలి. దుమ్ము రేగకుండా తడిపి కొయ్యాలి. ఈ దుమ్ములో విద్యుత్తు ప్రవహిస్తుంది కనక స్విచ్చుల్లోకి పోనివ్వకూడదు. పచ్చి జిగురు చర్మానికి మాటిమాటికీ తగిలితే దద్దుర్లు లేస్తాయి. అందుచేత పిల్లలూ, ఇది మీరు చేసే పని కాదు.

తొడుగును మిరపకాయలు తూచే కాటా మీద పెట్టాం. కిలో పావు తూగింది. ఆ సంబరంలో మనవడు, "తాతయ్యా, చక్రాలను పట్టుకునే కడ్డీలు కూడా ఇలాగే చేస్తాం," అన్నాడు. నేను వద్దన్నాను. ఇనుము తాను ఓడిపోయేముందు వంగి హెచ్చరిస్తుంది. ఈ నల్ల పలక హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. లోపల ఒక గాలిబుడగ ఉన్నా పైకి కనిపించదు. తొడుగు విరిగితే పందెం పోతుంది, కడ్డీ విరిగితే ప్రాణం పోతుంది. పరీక్షించే సాధనాలు లేనివాళ్లు తొడుగు దగ్గరే ఆగాలి. మనవడు కాసేపు ముఖం ముడుచుకున్నాడు గాని, మాట విన్నాడు.

సాధనాలుండి, శ్రద్ధగా చేసినవాళ్లు ఈ నారతోనే ప్రాణాలు కాపాడారు. 1981లో మెక్‌లారెన్ సంస్థ ఫార్ములా వన్ పందేలలో మొట్టమొదటిసారిగా డ్రైవరు కూర్చునే గూడునంతా కర్బన నారతో కట్టింది. దాన్ని రూపొందించినవాడు జాన్ బర్నార్డ్. ఇది పగిలి ముక్కలవుతుందని చాలామంది భయపడ్డారు. ఆ ఏడే ఇటలీలో, మోంజా బాట మీద, జాన్ వాట్సన్ నడిపే కారు గోడకు గుద్దుకుని ఇంజను ఊడిపోయింది. గూడు మాత్రం నిలిచింది. వాట్సన్ క్షేమంగా బయటికి వచ్చాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరం ఒడ్డున పరుగెత్తిన విద్యుత్ పందెపు కార్ల తొడుగుల్లో పాత కార్ల నుంచి తీసిన కర్బన నారనూ, అవిసె నారనూ కలిపి వాడారు.

ఇంతకన్న గొప్ప సంగతి మరొకటి హైదరాబాదులోనే జరిగింది. 1989లో అగ్ని క్షిపణి మొదటిసారి ఎగిరింది. దాని కోసం అబ్దుల్ కలాం గారి బృందం తేలికైన మిశ్రమ పదార్థాలు తయారుచేసింది. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు ఒకరు కలాం గారి ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారట. వెంటనే ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయి చిన్నపిల్లలను చూపించారట. ఆ పిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలు దాటే లోహపు పట్టాలు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం గారి బృందం మూడు వందల గ్రాముల పట్టాలు చేసి ఇచ్చింది. పిల్లలు పరుగులు తీశారు. ఈ సంగతి కలాం గారే తన ప్రసంగాల్లో చెప్పేవారు.

మీరూ ఒక తొడుగు చేసి చూడండి. ఒక గిన్నె బోర్లించి, నూనె రాసిన ప్లాస్టిక్ కాగితం కప్పండి. పాత నూలు గుడ్డను చిక్కటి గంజిలో ముంచి, ఒక వరస నిలువుగా, ఒకటి ఐమూలగా, మొత్తం నాలుగు వరసలు పరవండి. బుడగలు లేకుండా వేళ్లతో నొక్కండి. రెండు రోజులు ఎండనిచ్చి తీయండి. మెత్తటి గుడ్డ గిన్నెలా నిలబడుతుంది. తొందరపడి ఒక్కరోజుకే తీస్తే ఏమవుతుందో నేను చెప్పను. అది మీరే తెలుసుకుంటారు, మేం మగ్గు సంగతి తెలుసుకున్నట్టే!