గులకరాళ్ల నేలలో నీటి నడక

వర్షము వెలిసిన పిమ్మట బంకమట్టి నేలపై నీరు మడుగులు కట్టి నిలుచును. గులకరాళ్ల నేలపై అట్లు నిలువక వెంటనే లోనికి ఇంకిపోవును. ఈ భేదమునకు కారణమేమి?

గులకరాళ్ల నేలలో ఖాళీ యెక్కువ యని పలువురు తలంతురు. అది సరికాదు. మొత్తముమీద బంకమట్టిలోని ఖాళీయే తరచుగా అధికము. కాని ఆ సందులు కంటికి కానరానంత చిన్నవి. రేణువుల నంటియుండు నీరు వాటిలో మిక్కిలి మెల్లగా కదలును. గులకరాళ్ల నడిమి సందులు పెద్దవగుటచే నీరు త్వరగా సాగిపోవును.

ఇట్టి నీటి నడకను సూత్రబద్ధము చేసినవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ డార్సీ. ఇసుక నింపిన గొట్టములో నీరు పారించి, ఒత్తిడి భేదము రెట్టింపైనచో ప్రవాహము కూడ రెట్టింపగునని అతడు 1856లో ప్రకటించెను. అయితే ఈ సూత్రము మెల్లని ప్రవాహమునకే చెల్లును. పెద్ద గులకరాళ్ల నడుమ నీరు వేగముగా సుడులు తిరుగుచు పోవును గనుక, ఒత్తిడి భేదము రెట్టింపైనను ప్రవాహము రెట్టింపు కాదు. ఆ సందులలో సన్నని మట్టి చేరినచో వేగము మిక్కిలి తగ్గిపోవును.

ఇట్లు త్వరగా పారు నీటివలన ఒక అపాయము కలదు. సన్నని ఇసుక నీటిని నెమ్మదిగా వడకట్టి, రోగక్రిములలో పెక్కింటిని ఆపును. గులకరాళ్ల పెద్ద సందులు అట్లు ఆపజాలవు. మరుగుదొడ్డి గుంటలోని మురికి అట్టి నేలలో కొద్దికాలములోనే దూరమున నున్న బావిని చేరవచ్చును. కావున అచ్చట బావిని గుంటకు మిక్కిలి దూరముగను, ఎగువ వైపునను త్రవ్వవలెను. నీరు తేటగా నున్నంత మాత్రమున త్రాగదగినదని నమ్మరాదు.