పెరటిలో టర్కీ కోళ్లు: నాటుకోడి అనుభవం చాలని చోట్లు

పల్లె నుండి నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నాటుకోళ్ల పెంపకం కొత్త కాదు. పగలు పెరటిలో విడిచి, రాత్రి గంప కింద మూసి, నూకలు, తవుడు వేస్తే అవి తమంత తామే పెరుగుతాయి. తమిళులు వాన్‌కోళి అని పిలిచే టర్కీ కోడిని కూడా అలాగే పెంచవచ్చునని తలచి, మాంసం కొరకు పిల్లలను కొని, మొదటి నెలలోనే నష్టపోయేవారు ఉన్నారు. ఎదిగిన టర్కీ దృఢమైన పక్షి. దాని పిల్ల మాత్రం అలా కాదు.

మొదటి నాలుగు వారాలు

టర్కీ గుడ్డు 28 రోజులకు పిల్ల అవుతుంది. కోడిపిల్ల వలె అది వెంటనే గింజను ఏరుకొని తినదు. ఎదుట మేత, నీరు ఉన్నా గుర్తించక ఆకలితో చనిపోతుంది. అందుచేత మొదటి 15 రోజులు చేతితో తినిపించడం మేలు. లీటరు నీటికి 100 మిల్లీలీటర్ల పాలు కలిపి, 10 పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చొప్పున ఇవ్వాలని తమిళనాడులో సూచిస్తారు. పిల్లలకు ఆకుపచ్చ రంగు త్వరగా కంటబడుతుంది గనుక సన్నగా తరిగిన ఆకుకూరను మేతపై చల్లాలి. లోతు తక్కువైన నీటి పళ్లెంలో రంగు గోళీలు వేస్తే వాటిని పొడవబోయి నీరు త్రాగడం నేర్చుకుంటాయి.

మొదటి వారం బల్బు కింద సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉండాలి. తరువాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలు బల్బు కింద గుమికూడితే చలి ఉన్నట్లు, దూరంగా జరిగితే వేడి ఎక్కువైనట్లు గ్రహించాలి. మూలల్లో ఒకదానిపై ఒకటి పడి ఊపిరాడక చనిపోకుండా చుట్టూ అట్టతో గుండ్రని అడ్డు కట్టాలి. ఇంత శ్రద్ధ వహించే తీరిక లేనివారు నెల దాటిన పిల్లలను కొనడమే క్షేమం.

కోళ్లకు దూరంగా

కోళ్లనూ టర్కీలనూ ఒకే దొడ్డిలో ఉంచరాదు. నల్లతల వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి, కోళ్ల పేగులలోని నట్టల గుడ్లలో దాగి ఉంటుంది. అది కోడిని అంతగా బాధించదు గాని టర్కీకి ప్రాణాంతకం. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి కాబట్టి, కోళ్లు తిరిగిన నేలను కూడా విడిచిపెట్టాలి. రెట్ట గంధకం వలె పసుపు రంగుకు మారి, పక్షి మందకొడిగా నిలబడితే వెంటనే పశువైద్యుని పిలవాలి. కొక్కెర తెగులుకు, మశూచికి ఆయన చెప్పిన కాలంలో టీకాలు వేయించాలి.

మేత, చోటు

నూకలు, తవుడు మాత్రమే పెడితే పిల్లలు ఎదగవు. మొదటి నాలుగు వారాల మేతలో సుమారు 28 శాతం మాంసకృత్తులు ఉండాలి. బ్రాయిలర్ పిల్లల మేతలో అవి 22, 23 శాతమే. ఎదిగిన పక్షికి పచ్చిమేత బాగా పనికివస్తుంది. ఒక్కొక్క దానికి పాకలో కనీసం 4 చదరపు అడుగుల చోటు, దానికి వెలుపల తిరుగుటకు కంచె వేసిన పెరడు కావాలి. చెన్నైలోని నందనంలో నాటు నల్ల టర్కీని బెల్ట్స్‌విల్ తెల్ల జాతితో సంకరపరచి రూపొందించిన నందనం టర్కీ 1 దక్షిణాది వాతావరణానికి తగినది.

ఇరుగుపొరుగు, నిబంధనలు

మగ టర్కీ అరుపు దూరానికి వినిపిస్తుంది. రెట్టతో తడిసిన ఊకను మార్చకపోతే దుర్వాసన, ఈగలు తప్పవు. కనుక పిల్లలను కొనక ముందే ఇంటి యజమాని సమ్మతిని, నగరపాలక సంస్థ అనుమతి నియమాలను తెలుసుకోవాలి. మాంసాన్ని అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు చేసుకోవాలి. పక్షులను లైసెన్సు గల వధశాలలోనే కోయించాలి. మందులు వాడిన పక్షిని, వైద్యుడు చెప్పిన గడువు ముగియక ముందు కోయరాదు. ఈకలను, పేగులను మురుగు కాలువలో వేయక, నగరపాలక సిబ్బంది సూచించిన విధంగా అప్పగించాలి. బెంగళూరు శివారులోని హెసరఘట్టలో ఉన్న కేంద్ర సంస్థ కోళ్ల పెంపకంలో శిక్షణ ఇస్తుంది. తక్కిన నగరాలలో సమీప పశువైద్యశాలలో విచారించి, తొలిసారి ఐదారు పక్షులతో మాత్రమే ఆరంభించడం మంచిది.