గోడ బయట నిలబడ్డవాళ్లు

2008 జూలై 7 ఉదయం కాబూల్‌లోని మన రాయబార కార్యాలయం ముందు వీసాల కోసం జనం బారులు తీరి ఉన్నారు. అధికారుల కారు గేటులోకి మళ్లే వేళకు బాంబులు నింపుకొచ్చిన మరో కారు పేలింది. 58 మంది చనిపోయారు. వాళ్లలో బ్రిగేడియర్ రవి దత్ మెహతా, తెలుగువారైన దౌత్యాధికారి వి.వెంకటేశ్వరరావు, కాపలా కాస్తున్న ఇద్దరు ఐటీబీపీ జవాన్లు ఉన్నారు. ఎక్కువమంది మాత్రం ఆఫ్ఘన్లే. ఆ తర్వాత రక్షణ గోడలను పటిష్ఠం చేశారు. 2009 అక్టోబర్ 8న అక్కడే మళ్లీ కారు బాంబు పేలింది. ఈసారి లోపలి సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. చనిపోయిన 17 మందీ గోడకు అవతల ఉన్నవాళ్లే. 2017 మే 31న కాబూల్‌లోనే జర్మనీ ఎంబసీ దగ్గర ట్రక్కు బాంబు పేలినప్పుడూ అంతే, 150 మందికి పైగా పోయారు, వాళ్లలో అత్యధికులు స్థానికులు.

అలాగని గోడలు దండగ అనలేం. అవి లేకపోతే 2009లో లోపలివాళ్లూ మిగిలేవారు కాదు. కానీ గోడ ప్రమాదాన్ని పోగొట్టదు, వీధిలోకి నెడుతుంది. 1961 నాటి వియన్నా ఒప్పందం ఎంబసీని, దౌత్యవేత్తలను కాపాడే బాధ్యతను ఆతిథ్య దేశం మీద పెట్టింది. గేటు ముందు వరసలో నిలబడ్డ మనిషికి ఆ రక్షణ వర్తించదు. అందుకే భద్రత లెక్క ఆ వరస దగ్గరే మొదలవ్వాలి: వీసా కౌంటరును ప్రధాన గేటుకు దూరంగా పెట్టడం, ఒకేసారి గుంపు చేరకుండా వేర్వేరు సమయాలివ్వడం అసాధ్యమైన పనులు కావు.

ప్రాజెక్టుల మీద ఆఫ్ఘనిస్థాన్ వెళ్లే మనవాళ్లకు ఆ గోడ కూడా ఉండదు. 2006లో హైదరాబాద్‌కు చెందిన టెలికాం ఇంజనీరును జాబుల్ రాష్ట్రంలో దారికాచి ఎత్తుకుపోయి చంపేశారు. జీతం కోసం తెలిసే వెళ్లారు కదా, ప్రభుత్వం ఏం చేస్తుందని కొందరంటారు. తెలిసి వెళ్లడానికి అసలు తెలియజెప్పేవాళ్లుండాలి. ఏ రోడ్డు ఏ వేళకు మంచిది కాదో, రోజూ ఒకే దారిన ఒకే సమయానికి ఎందుకు వెళ్లకూడదో పనిలో పెట్టుకున్న కంపెనీ చెప్పాలి. ఎవరెక్కడున్నారో ఎంబసీకి ఎప్పటికప్పుడు తెలియాలి. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక రాయబారినీ సిబ్బందినీ వైమానిక దళం సి-17 విమానంలో తీసుకొచ్చారు. అప్పటికీ అక్కడ చిక్కుకున్న భారతీయుల వివరాలు చెప్పండంటూ విదేశాంగ శాఖ యాజమాన్యాలను అడగాల్సివచ్చింది.